ఫ్యూజు మారిస్తే పాట మారుతుందా

రేడియోలు, టేప్‌రికార్డర్లు, యాంప్లిఫయర్లు బాగుచేస్తూ ముప్ఫై ఎనిమిదేళ్లు గడిపాను. మొదటి ఆరేళ్లు టెక్కలిలో మా గురువుగారి దగ్గర, మిగతావన్నీ కాశీబుగ్గలో నా సొంత దుకాణంలో. దుకాణం మూసేసినా ఫోన్లు మాత్రం ఆగలేదు. ఐటీఐ చదివి ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అడుగుతూనే ఉంటారు. వాళ్లు అడిగేవాటిలో ఈమధ్య తరచుగా వినబడే ప్రశ్న ఒకటుంది. "సార్, ఆడియో ఫ్యూజులని వస్తున్నాయి కదా, బంగారు పూత, వెండి తీగ. అవి వేస్తే నిజంగా సౌండు బాగుపడుతుందా?"

ఒక్క మాటలో చెప్పమంటే, బాగుపడదు. ఈ మాట మీద నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఈ నిజాన్నే నేను ఒకసారి ఒక మనిషి మొహం మీద చెప్పి, ఆయన ఇంట్లో ఆరు నెలల పాటు పాట లేకుండా చేశాను. అందుకని మీకు ఒక్క మాటలో చెప్పి ఊరుకోను. ఓపిక ఉంటే చదవండి. లేకపోతే "బాగుపడదు" అన్న మాట పట్టుకుని వెళ్లి, మీరూ నాలాగే ఎవరో ఒకరి దగ్గర తప్పు చేయండి.

ఫ్యూజు ఉద్యోగం

ముందు ఫ్యూజు సంగతి కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేస్తాను. ఒక గాజు గొట్టం, లోపల సన్నటి తీగ, రెండు కొసలా రెండు లోహపు టోపీలు. అంతకుమించి అందులో ఏమీ లేదు. హద్దు దాటి కరెంటు వచ్చినప్పుడు ఆ తీగ తాను కాలిపోయి వెనకాల ఉన్న సరుకును కాపాడుతుంది. అది కావలివాడి ఉద్యోగం. కావలివాడికి పట్టుచొక్కా తొడిగినంత మాత్రాన చేనులో దిగుబడి పెరగదు.

అమ్మేవాళ్లు ఏమంటారంటే, వాళ్ల ఫ్యూజులో నుంచి కరెంటు శుభ్రంగా వస్తుందంటారు. నాకు నవ్వొస్తుంది. మన ఇంటికి వచ్చే కరెంటు ఎన్ని ఊళ్లు దాటి, కాకులు వాలిన ఎన్ని తీగల మీద నుంచి వస్తుందో ఆలోచించండి. ఉప్పుగాలి కొట్టిన స్తంభాలూ, జీడితోటల్లో కొమ్మలు రాసుకునే లైన్లూ దాటుకుని వచ్చాక, ఆఖరి అంగుళంలో కాస్త బంగారం తగిలిందని దానికి పుణ్యస్నానం అయిపోతుందా? చెవిలో పువ్వు పెట్టడానికి కూడా ఒక హద్దుండాలి.

ఫ్యూజును చులకన చేసే హక్కు మాత్రం నాకు లేదు. టెక్కలిలో పని నేర్చుకునే రోజుల్లో సోంపేటలో ఒక బట్టల వ్యాపారి ఇంట్లో శుభకార్యం జరుగుతుంటే వాళ్ల పాటల సెట్టు ఆగిపోయింది. వెళ్లి చూస్తే ఫ్యూజు కాలింది. ఆ సైజుది నా సంచీలో లేదు. అప్పటికి నాకు పరువు ఎక్కువ, బుద్ధి తక్కువ. లేదని చెప్పడం నామోషీ అనిపించి, కాలిన ఫ్యూజు చుట్టూ రాగితీగ చుట్టి పెట్టేశాను. పాట మోగింది. అందరూ మెచ్చుకున్నారు. "రేపొచ్చి మంచిది వేస్తాను" అన్నాను. ఆ రేపు రాలేదు. వారం తిరక్కుండా ట్రాన్స్‌ఫార్మర్ కాలి, పక్కనున్న తెర అంటుకుంది. ప్లగ్గు లాగబోయిన ఆ ఇంటి పెద్దావిడ చెయ్యి బొబ్బలెక్కింది.

మా గురువుగారు నన్ను తిట్టలేదు. ఆవిడ చెయ్యి మానేదాకా రోజూ నన్ను సోంపేట బస్సెక్కించి, ఎలా ఉందో అడిగి రమ్మన్నారు. తిట్టుంటేనే బాగుండేది. ఆ రోజు నుంచి సరైన ఫ్యూజు లేకపోతే సెట్టు పని చేయదనే చెప్పాను కానీ ఇంకో తీగ చుట్టలేదు.

ఉప్పు కొటారులో రేడియో

మా గురువుగారి పేరు సన్యాసిరావు. చదివింది తక్కువ. సర్క్యూటు బొమ్మ చూడటం కూడా అంతంతమాత్రమే. కానీ ఆయనకు దొరకని తప్పు లేదు. ఎలా దొరుకుతుందో నాకు అర్థమైంది నౌపడ రేడియోతో.

నౌపడలో ఉప్పు మళ్ల దగ్గర, ఉప్పు నిలవచేసే కొటారులో పనిచేసే గుమస్తా ఒకడు రేడియో తెచ్చాడు. పొద్దున్న పూట పలకదట. నేను బల్ల మీద పెట్టి ఆన్ చేస్తే శుభ్రంగా పలికింది. పంపించేశాను. వారానికి మళ్లీ తెచ్చాడు. మళ్లీ పలికింది. మూడోసారి తెచ్చినప్పుడు, "నీకే వాడటం రాదు" అన్నాను. గురువుగారు వెనక నుంచి విన్నారు.

"ఒరే, అతనికేటి అబద్దమాడవలసిన పని? మూడుమాట్లు రైలెక్కి వచ్చినాడు. నువ్వు అక్కడికి ఒక్కమాటు ఎల్లినావేటి?"

"ఇక్కడ బాగానే పలుకుతోంది గదండీ."

"ఇక్కడ పలికితే నీకు సంబరం. అతను ఇనేది ఇక్కడేటి? సెట్టు కాదు, సెట్టున్న సోటు సూడు. ఎల్లు."

వెళ్లాను. తెల్లారి ఆ కొటారు పాకలో కూర్చుంటే విషయం తెలిసింది. రేడియో కిటికీలో ఉంటుంది. రాత్రంతా స్విచ్చిలోకి చేరిన సన్నటి ఉప్పుపొడి పొద్దుటి తేమకు చెమర్చుతుంది. ఎండెక్కితే ఆరిపోయి పలుకుతుంది. టెక్కలి చేరేసరికి దానికి ఏ జబ్బూ ఉండదు. స్విచ్చి మార్చి, రేడియోను కిటికీలోంచి తీసి లోపలి గోడకు పెట్టించాను. మళ్లీ రాలేదు.

మనిషి చెప్పేది అతని ఇంటి సంగతి, మనం చూసేది మన బల్ల మీది సంగతి. ఈ రెండూ ఒకటి కావని ఇరవయ్యేళ్ల వయసులోనే నాకు నేర్పిన గురువు ఉన్నాడు. అయినా అరవై దగ్గర పడ్డాక మర్చిపోయాను. ఎలా మర్చిపోయానో చెబుతాను.

ప్రెసిడెంటుగారి పరీక్ష

హరిశ్చంద్రపురం దగ్గర ఒక మోతుబరి రైతు ఉన్నారు. ఒకప్పుడు పంచాయతీ ప్రెసిడెంటు కావడంతో ఇప్పటికీ అందరూ అలాగే పిలుస్తారు. పాటలంటే ప్రాణం. హైదరాబాదు నుంచి ఖరీదైన సెట్టు తెప్పించుకుని, దానికి బంగారు పూత ఫ్యూజు వేయించారు. ఆ ఒక్క ఫ్యూజు ఖరీదుకు మన వైపు మంచి స్పీకరు జత వస్తుంది.

"మేస్త్రీ, ఫ్యూజు మార్సిన కాడ్నుంచి గొంతు ఎదురుగా కూకుని పాడినట్టుంది. నువ్వొచ్చి ఇను" అని కబురు పెట్టారు.

వెళ్లి విన్నాను. బాగుంది. ముందు కూడా బాగానే ఉండేది. "పరీక్ష పెడతానండీ, మీరు అటు తిరిగి కూర్చోండి" అన్నాను. ఆయన గదిలోనే, ఆయన సెట్టు మీదే, ఆయన ఎంచుకున్న పాటే. నేను ఒకసారి బంగారపుది, ఒకసారి మామూలుది పెడుతూ పోయాను. ఆయన ప్రతిసారీ గట్టిగా చెప్పారు. సగానికి సగం తప్పాయి. ఆఖరికి నేను రెండుసార్లు ఏమీ మార్చకుండా మార్చానన్నా, "ఆహా, ఇప్పుడు సూడు ఎలగుందో" అన్నారు.

సంగతి చెప్పాక ఆయన పగలబడి నవ్వారు. మనసు పెద్దది. నేను బంగారపు ఫ్యూజు తీయబోతే వద్దన్నారు. "ఉండనియ్యి మేస్త్రీ. కొన్నాను కదా, అది ఉంటే నాకలాగే బాగుంటాది." దాన్ని అలాగే ఉంచి వచ్చేశాను.

అయితే ఆయన ఈ కథను టెక్కలి నుంచి పలాస దాకా కనబడిన ప్రతివాడికీ చెప్పారు. నాకు పేరొచ్చింది. "మేస్త్రి చెవి ముందు కంపెనీవాళ్ల ఆటలు సాగవు" అన్నారు. పొగడ్త ఎవరికి చేదు? నేను మెల్లగా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషిని అయ్యాను. ఆ రోజుల్లోనే ఒకరిద్దరు, నేను సరిచేసి ఇచ్చిన సెట్లు కాస్త కీచుగా పలుకుతున్నాయనీ, ట్రెబుల్, అంటే సన్నటి పైస్వరం, ఎక్కువ పెడుతున్నాననీ అన్నారు. వాళ్లకు వినడం రాదన్నాను.

దానయ్య బావ వచ్చిన రోజు

దానయ్యది వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లె. నాకు వరసకు బావేమీ కాడు. మా వైపు చనువున్న మనిషి ఎవరైనా బావే. నాకన్నా నాలుగేళ్లు పెద్ద. వేట చేసిన మనిషి. వేట లేని రోజుల్లో జముకుల కథ చెప్పే బృందంలో జముకు వాయించేవాడు. డప్పు లాంటి చిన్న వాయిద్యం, మధ్యలో నరం. ఆ నరాన్ని లాగి వాయిస్తుంటే అది మనిషిలా మూలుగుతుంది, నవ్వుతుంది. ఆ బృందం కథలు ఆరు క్యాసెట్లున్నాయి. దానయ్య ఇంటి వాకిట్లోనే రికార్డు చేసినవి. అవి వినడానికి ఆయనకు యాంప్లిఫయర్ కట్టి ఇచ్చింది నేనే. ఎడమ స్పీకరుకొకటి, కుడి స్పీకరుకొకటి, విడివిడిగా ఫ్యూజు కూడా పెట్టాను. తర్వాత క్యాసెట్లను పెన్‌డ్రైవులోకి ఎక్కించిందీ నేనే.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పేదేముంది? దానయ్యకూ వచ్చింది. వేట ఆగింది. చేతుల్లో బలం పోయి జముకూ ఆగింది. కథ చెప్పినాయన, వంత పాడిన ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు పోయారు. దానయ్యకు మిగిలింది ఆ ఆరు క్యాసెట్ల పాట, అది వినే చెవి. వారానికి రెండుసార్లు పలాసకు డయాలసిస్‌కు వచ్చేవాడు. వెళ్తూ వెళ్తూ నా దుకాణంలో కాసేపు కూర్చునేవాడు. "ఒళ్లంతా పోనాది మేస్త్రీ, సెవి ఒక్కటే కుర్రగుంది" అనేవాడు. అది ఆయనకు గర్వం. ఇంట్లో అన్నం ఉడికే చప్పుడు విని నీళ్లు చాలవని చెప్పేస్తాడని ఆయన భార్య పోలమ్మ మురిపెంగా చెప్పేది.

ఒక రోజు మొహం వెలిగిపోతూ వచ్చాడు. విశాఖపట్నంలో ఓడలో పనిచేసే మేనల్లుడు రెండు బంగారు ఫ్యూజులు తెచ్చి, పాతవి తీసి పెట్టాడట.

"మేస్త్రీ, జముకు నరం మళ్లీ కొత్తగా బిగించినట్టు పలికినాది. కొన్నేళ్లయి ఎడం పక్క మసగ్గా ఇనబడేది. ఇప్పుడు కథ సెప్పినోడి ఊపిరి కూడా ఇనబడతంది."

దుకాణంలో నలుగురున్నారు. టీ కొట్టాయన గ్లాసులు తీసుకెళ్లడానికి వచ్చి నిలబడిపోయాడు. అందరికీ ప్రెసిడెంటుగారి కథ తెలుసు. నా వైపు నవ్వుతూ చూశారు. ఇక నేను ఆగుతానా?

"ఈసారి వచ్చినప్పుడు ఆ ఫ్యూజులు పట్రా బావా. పాతవీ పట్రా. ఇక్కడే తేల్చేద్దాం" అన్నాను.

"డబ్బా తేవాలా?"

"డబ్బా ఎందుకు? నా యాంప్లిఫయర్ ఉంది కదా. ఫ్యూజులు చాలు."

ఇక్కడే తప్పు చేశాను. అది తప్పని అప్పుడు తోచలేదు.

మూడో రోజు కాగితంలో చుట్టి తెచ్చాడు. పాత ఫ్యూజుల టోపీల మీద గోధుమరంగు మరక ఉంది. తుప్పేమో అనుకుని పక్కన పడేశాను. నా డబ్బాలోంచి కొత్త మామూలు ఫ్యూజు తీసి, నా యాంప్లిఫయర్ మీద, దానయ్య పాటే పెట్టి, ఆయన్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను. "బంగారమా, మామూలా?" అని పదిసార్లు అడిగాను. ప్రెసిడెంటుగారు టక్కున చెప్పేవారు. దానయ్య ప్రతిసారీ చాలాసేపు ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు. సగం తప్పాయి.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడితో ఆగి ఉండాల్సింది. ఆగలేదు.

"బావా, నువ్వు జబ్బు మనిసివి. వయసూ మీద పడింది. నీకు అనిపిత్తంది గానీ, ఇనబడతం నేదు" అన్నాను.

దానయ్య ఇటు తిరిగాడు. "అవునేమో మేస్త్రీ. నీకు తెల్దా" అన్నాడు. ఫ్యూజులు చొక్కా జేబులో వేసుకుంటుంటే, "ఆ బంగారపువి వద్దు. ఎంత కరెంటుకు కాలాలో వాటి మీద రాసిన అంకె నమ్మలేం. నీ పాతవే పెట్టుకో" అని సలహా కూడా పారేశాను. ఆయన తలూపి, ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత డయాలసిస్‌కు వస్తున్నాడని తెలిసేది గానీ నా దుకాణం వైపు రాలేదు. నాకు పని ఎక్కువై, ఆ సంగతి పట్టించుకోలేదు.

పోలమ్మ చెప్పిన వేడి

ఆరు నెలలకు పోలమ్మ కనబడింది. కాశీబుగ్గలో మందులు కొనుక్కుని వెళ్తూ నా దుకాణం ముందు నిలబడింది. నేను లోపలికి రమ్మన్నా రాలేదు. ఆవిడ నన్ను అన్నియ్యా అని పిలుస్తుంది.

"బావ ఎలాగున్నాడు సెల్లీ? ఇటు రావడం మానేసినాడు."

"ఉన్నాడన్నియ్యా. మీ కాడ్నుంచి ఎల్లినాక ఆ పాత ఫీజులే ఏసినాడు. రెండ్రోజులు ఇన్నాడు. మళ్లీ మసగ్గా ఉందన్నాడు. ఉండుండి, 'ఫీజు ఏదైనా ఒకటే అని మేస్త్రి సెప్పినాడు కదే, మరి నాకు తేడాగా ఇనబడతందంటే నా సెవే పోనాదే' అన్నాడు. ఆ డబ్బా మీద గుడ్డ కప్పేసినాడు. ఇంక ముట్టుకోనేదు."

ఆవిడే మళ్లీ అంది.

"నాను అన్నం ఉడుకుతందా అని అడిగితే, నన్నడక్కు, నాకేటి ఇనబడతాది అంతన్నాడు. డయాలీసుకి కూడా ఎందుకే అంతన్నాడు. బతిమాలి పంపుతన్నాను." మందుల సంచీ చెయ్యి మార్చుకుని, "ఆ డబ్బా ఎనకాల ఎడం పక్క ఎప్పుడూ ఏడిగా ఉండేది. ఆ పిల్లడు కొత్త ఫీజులేసినాక సల్లబడినాది. పాతవి ఏత్తే మళ్లీ కాలినాది. అదేటన్నియ్యా?" అంది.

తీగ చెవిని మోసం చేస్తుందేమో గానీ చేతికి వేడి అబద్ధం చెప్పదు. ఫ్యూజు దగ్గర వేడి పుట్టిందంటే అక్కడ లోహానికీ లోహానికీ పట్టు సరిగ్గా లేదన్నమాట. పట్టు లేకపోతే కరెంటు తడబడుతుంది, పాట మసకబారుతుంది. ఈ ఆరు నెలలూ పాట పెట్టుంటే అక్కడే నిప్పు పుట్టేది. ఆ గోధుమరంగు మరక గుర్తొచ్చింది. నా బల్ల మీద, నా కళ్ల ముందు పడి ఉన్న మరక. మా గురువుగారు వెనక నిలబడి "ఎల్లు" అంటున్నట్టే వినబడింది. సంచీ సర్దుకుని, పోలమ్మ ఎక్కిన ఆటోలోనే ఎక్కాను.

పడవకు రాసినట్టే

జీడితోటలు దాటి పల్లె చేరేసరికి మధ్యాహ్నం. దానయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. సగమయ్యాడు. నన్ను చూసి లేవబోయాడు.

"కూకో బావా. డబ్బా సూడ్డానికి వచ్చినాను."

"దానికేటి బాగానే ఉంది మేస్త్రీ. బాగోనిది నానే."

గుడ్డ తీసి, యాంప్లిఫయర్‌ను వెనక్కి తిప్పాను. స్క్రూలు, స్పీకరు తీగలు బిగించిన చోట్లు, ఫ్యూజు హోల్డర్లు, అన్నింటి మీదా ముదురు గోధుమరంగులో గట్టిగా ఎండిన పూత. ఎడమ పక్క మరీ మందం, గోటితో గీకితే బిళ్లలా లేచింది. వాసన చూశాను. పలాసలో బతికినవాడికి ఆ వాసన చెప్పక్కర్లేదు. జీడినూనె.

జీడిగింజ తొక్కులో నుంచి వచ్చే నూనె అది. చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది. కానీ పడవ చెక్కకు పూస్తే ఉప్పునీళ్లు లోపలికి పోవు, పురుగు పట్టదు. ఇప్పుడు ఫైబర్ పడవలొచ్చినా, పల్లెల్లో పాతవాళ్లకు ఆ నూనె మీద నమ్మకం పోలేదు.

"ఇది ఎవరు రాసినారు?"

"నానే" అన్నాడు దానయ్య. "ఆ పెద్ద గాలివాన ఎలిసినాక ఎనకాల సీలలన్నీ తుప్పెక్కినాయి. పోతాదేమో అని భయమేసి, ఫీజులు బయటికి తీసి, అన్నిటికీ సుబ్బరంగా రాసి మళ్లీ పెట్టినాను. పడవకి రాత్తే పడవ బతికినాది కదా. ఏటి, తప్పేటి?"

తప్పు నూనెది కాదు, ఆయనదీ కాదు. ప్రాణంలా చూసుకునే సరుకును, తనకు తెలిసిన మంచి పద్ధతిలో కాపాడుకున్నాడు. నీళ్లను రానివ్వని పొర కరెంటునూ రానివ్వదని ఆయనకు ఎవరు చెప్పారు? కట్టి ఇచ్చినవాణ్ణి నేను. ఉప్పుగాలి ఇంట్లో పెడుతున్నానని తెలిసీ, ఏం చేయాలో, ఏం చేయకూడదో ఒక్క ముక్క చెప్పలేదు. మేనల్లుడు కొత్త ఫ్యూజులు పట్టకపోతే చాకుతో హోల్డరు గీకి దూర్చాడట. ఆ గీకడంతో పాట బాగుపడింది. మెప్పు మాత్రం బంగారానికి దక్కింది. పాతవి మళ్లీ పెట్టేసరికి, వాటి టోపీల మీది నూనె పొర అడ్డం పడింది. దానయ్య చెవి రెండుసార్లూ నిజమే చెప్పింది. దాన్ని అబద్ధమన్నది నేను.

పాత ఫ్యూజులు తీసి పక్కన పెట్టి, మిగతాదంతా గీకి, స్పిరిట్‌తో తుడిచాను. ఎడమ హోల్డరు ప్లాస్టిక్కు వేడికి వంగిపోయింది. తీసేసి కొత్తది వేశాను. పూర్తయ్యాక, "బావా, ఒక్కసారి అటు తిరిగి కూకో" అన్నాను.

"మళ్లీ పరీచ్చా? ఒద్దు మేస్త్రీ. ఒకమాటు సాలు."

"నీకు కాదు, నాకు."

సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. జముకుల కథ పెట్టాను. ముందు ఎడమ పక్క నూనె పట్టిన పాత ఫ్యూజు, తర్వాత శుభ్రమైన మామూలుది, మళ్లీ పాతది. ప్రతిసారీ వెంటనే చెప్పాడు. "ఇది మసక." "ఇది బాగుంది." "మళ్లీ మసక." ఒక్కటి తప్పలేదు. పోలమ్మ వంటగది గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఇక మిగిలింది అసలు ప్రశ్న. శుభ్రమైన హోల్డరులో మామూలు ఫ్యూజుతో మొదలుపెట్టి, తర్వాత బంగారపుది, మళ్లీ మామూలుది, మళ్లీ బంగారపుది పెట్టాను. ప్రతిసారీ "మార్చాను" అన్నాను. ఈసారి దానయ్య జవాబు చెప్పలేదు. మూడోసారికి విసుక్కున్నాడు.

"ఏటి మేస్త్రీ, ఆటాడతన్నావేటి? మార్సకుండా మార్సినానంటన్నావు."

"మూడుమాట్లు మార్చాను బావా."

"అయితే రెండూ ఒకటే. ఏటి తేడా నేదు."

నేను చేతిలోని ఫ్యూజు కింద పెట్టాను. "మరి ఆ రోజు దుకాణంలో పదిసార్లూ ఏదో ఒకటి చెప్పావు కదా?"

"ఆ రోజూ నాకు ఒకలాగే ఇనబడినాది. నువ్వు బంగారమా, మామూలా అని అడిగినావు. ఒకటే అని సెప్పొచ్చని నాకేటి తెలుసు? నువ్వు మేస్త్రివి. నువ్వు అడిగినావంటే తేడా ఉండే ఉంటాది, నాకే దొరకతం నేదనుకున్నాను. నలుగురూ సూత్తన్నారు. ఏదో ఒకటి సెప్పినాను."

నా మొత్తం వృత్తిలో అంత సిగ్గుపడిన క్షణం మరొకటి లేదు. నాకన్నా ముందే, నా దుకాణంలోనే, నా ప్రశ్నకు సరైన జవాబు ఆయన చెవి పట్టేసింది. ఆ జవాబు చెప్పడానికి నేనే చోటివ్వలేదు. ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, తప్పు నాదని చెప్పాను. దానయ్య నా భుజం తట్టి, "పాట ఆపకు" అన్నాడు. కథ పూర్తయ్యేదాకా ముగ్గురం కదలకుండా విన్నాం. మధ్యలో ఒకచోట ఆయన వేళ్లు మోకాలి మీద జముకు వాయించడం చూశాను.

నలుగురి ముందు

నలుగురి ముందు అన్న మాటను నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలి. తర్వాతి డయాలసిస్ రోజున దానయ్యను దుకాణానికి తీసుకొచ్చి, టీ కొట్టాయన్నీ, ఆ రోజు నవ్విన వాళ్లలో దొరికిన వాళ్లనూ పిలిచాను. జరిగింది మొదటి నుంచీ చెప్పాను. ఫ్యూజు సంగతి నేనన్నదే నిజమనీ, మనిషి సంగతి నేనన్నది పచ్చి అబద్ధమనీ, దానయ్య చెవికి ఏమీ కాలేదనీ చెప్పాను.

దానయ్యకు సిగ్గేసింది. ఎటు చూడాలో తెలియక పైకి చూశాడు.

"ఆ మాటలకేటి గానీ మేస్త్రీ, ముందు ఆ ఫ్యాను బేరింగు సూడు. కీసుమని సన్నగా ఒకటే రొద."

"అవును బావా," అన్నాడు టీ కొట్టాయన, "వారం రోజులై సెవులు తినేత్తంది. మేస్త్రి పనిలో ఉంటాడని నాను సెప్పనేదు."

అందరూ ఫ్యాను వైపు చూసి తలలూపారు. నేనూ లేచి, దాని కిందకు వెళ్లి నిలబడ్డాను. ఊపిరి బిగబట్టి, చెవి ఒగ్గి, చాలాసేపు చూశాను. ఫ్యాను తిరుగుతోంది. గాలి మొహానికి తగులుతోంది. నాకు ఏ రొదా వినబడలేదు.

ఆ నెలాఖరుకు దుకాణం మూసేశాను.